అతిశీతల ఫ్రీజరు

అతిశీతల ఫ్రీజరు అనేది జీవసంబంధమైన నమూనాలను మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో దీర్ఘకాలం నిల్వ ఉంచడానికి ప్రయోగశాలలు, ఆసుపత్రులు, ఔషధ పరిశ్రమలు వాడే యంత్రం. వీటిలో ఎక్కువ వాటిని −50 నుండి −86 డిగ్రీల మధ్య ఏ ఉష్ణోగ్రత వద్దనైనా నడుపవచ్చు. ఇళ్ళలోని ఫ్రిజ్ లోపల సాధారణంగా 4 డిగ్రీలు, దాని మంచు అరలో −18 డిగ్రీలు ఉంటుంది. రక్తం, సీరం, కణజాలం, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, బాక్టీరియా, వైరస్‌లు, కొన్ని రకాల టీకాలు అతిశీతల ఫ్రీజరులో దాచే ముఖ్యమైన పదార్థాలు.

చలి ఒకసారి తయారుచేసి దాచిపెట్టుకోగల వస్తువు కాదు. బయటి వేడి గోడల గుండా, తలుపు సందుల గుండా ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటుంది. దానిని నిరంతరం తోడి బయట పోయాలి. అందువలన అతిశీతల ఫ్రీజరు భద్రత యంత్రం నాణ్యత మీద ఎంత ఆధారపడుతుందో విద్యుత్ సరఫరా మీద, దానిని చూసుకునే మనుషుల అలవాట్ల మీద కూడా అంతే ఆధారపడుతుంది.

అవసరం

జీవ పదార్థాలు చెడిపోవడానికి ప్రధాన కారణాలు రసాయనిక చర్యలు, ఎంజైములు, సూక్ష్మజీవులు. ఉష్ణోగ్రత తగ్గినకొద్దీ ఇవన్నీ మందగిస్తాయి. అయితే −20 డిగ్రీల వద్ద కూడా నమూనాలోని నీరు పూర్తిగా గడ్డకట్టదు. లవణాలు, ప్రోటీనులు చిక్కబడిన ద్రవం మంచు స్ఫటికాల మధ్య సన్నని పొరలుగా మిగిలి ఉంటుంది. ఆ ద్రవంలో ఎంజైములు నెమ్మదిగానైనా పనిచేస్తూనే ఉంటాయి. చిన్న మంచు స్ఫటికాలు కలిసి పెద్దవై కణాల పొరలను చీల్చుతాయి. −80 డిగ్రీల వద్ద ఈ మార్పులు చాలావరకు అణగిపోతాయి.

అన్నిటికీ ఇంత చలి అవసరం లేదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల విత్తనాలను దీర్ఘకాలిక నిల్వకు −20 డిగ్రీల వద్ద ఉంచుతారు. బాగా ఎండబెట్టిన విత్తనానికి ఆ చలి చాలు. మరోవైపు, జంతు కణాలను ఏళ్ళ తరబడి సజీవంగా ఉంచాలంటే −80 కూడా చాలదు. వాటిని −196 డిగ్రీల వద్ద మరిగే ద్రవ నత్రజనిలోనో, దాని ఆవిరిలోనో ఉంచాలి. ఈ రెంటికీ నడుమ ఉన్న పదార్థాలకు అతిశీతల ఫ్రీజరు సరిపోతుంది.

పనిచేసే విధానం

సాధారణ ఫ్రిజ్‌లో ఒక ద్రవం తక్కువ పీడనం వద్ద మరిగి ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి పీడనం పెంచుతుంది. వెనుకనున్న కండెన్సరు గొట్టాలలో అది వేడిని గదిలోకి వదలి తిరిగి ద్రవమవుతుంది. −80 డిగ్రీలు సాధించడానికి ఈ ఒక్క వలయం సరిపోదు.

దీనికి కారణం శీతలీకరణ ద్రవాల స్వభావంలో ఉంది. ఈథేన్ వాయువు సాధారణ వాతావరణ పీడనం వద్ద −89 డిగ్రీలకు మరుగుతుంది కనుక ఇంత చలికి అది అనువైనది. కాని ఈథేన్ సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 32 డిగ్రీలు. గది అంతకన్నా వేడిగా ఉంటే ఎంత పీడనం పెట్టినా అది ద్రవంగా మారదు. కోస్తా ఆంధ్రలో వేసవి పగటి ఉష్ణోగ్రతలు ఈ హద్దును సులభంగా దాటుతాయి. ప్రొపేన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా మార్చవచ్చు గాని, అది మరిగేది −42 డిగ్రీల వద్ద. దానితోనే −80కి దిగాలంటే పీడనాన్ని మరీ తగ్గించాలి. అప్పుడు కంప్రెసరు మీద భారం విపరీతంగా పెరుగుతుంది.

అందువలన రెండు వలయాలను జతచేస్తారు. మొదటి వలయంలో ప్రొపేన్ వంటి ద్రవం ఉండి, తన వేడిని గదిలోకి వదులుతుంది. రెండవ వలయంలో ఈథేన్ వంటి ద్రవం ఉండి, ఫ్రీజరు లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఈ రెండూ కలిసే చోట ఒక ఉష్ణ వినిమయ పరికరం ఉంటుంది. మొదటి వలయం అక్కడ కల్పించిన చలిలోనే రెండవ వలయంలోని ఈథేన్ ద్రవంగా మారుతుంది. దీనిని కాస్కేడ్ పద్ధతి అంటారు. తెలుగులో అంచెల శీతలీకరణ అనవచ్చు. లోతైన గుంటలోని నీటిని ఒక ఏతాముతో మధ్య మడుగులోకి తోడి, అక్కడి నుండి మరొక ఏతాముతో మెట్ట పొలానికి ఎక్కించడం వంటిదే ఇది. పై ఏతాము ఆగితే మధ్య మడుగు నిండిపోతుంది, కింది ఏతాము పని వృథా అవుతుంది. అలాగే మొదటి వలయం దెబ్బతింటే రెండవ కంప్రెసరు తిరుగుతున్నా లోపల చలి పుట్టదు.

స్విట్జర్లాండుకు చెందిన రౌల్ పిక్టే 1877లో ఆక్సిజనును ద్రవీకరించడానికి వాడినది ఈ అంచెల పద్ధతే. మొదటి అంచెలో సల్ఫర్ డయాక్సైడును, రెండవ అంచెలో కార్బన్ డయాక్సైడును ఆయన ఉపయోగించాడు.

నిర్మాణం

ఫ్రీజరు గోడలలో పాలీయురిథేన్ నురుగు నింపుతారు. అనేక కొత్త నమూనాలలో దానితోపాటు గాలి తీసేసిన పలకలను కూడా అమర్చుతారు. ఇవి తక్కువ మందంతోనే వేడిని బాగా అడ్డుకుంటాయి. నిలువు ఫ్రీజరులో బయటి తలుపు వెనుక ప్రతి అరకు విడిగా లోపలి తలుపు ఉంటుంది. ఒక అర తెరిచినప్పుడు మిగిలిన అరల చలి పోకుండా ఇది కాపాడుతుంది. పెట్టె ఆకారపు ఫ్రీజరులో తలుపు పైన ఉంటుంది. చల్లని గాలి బరువైనది కనుక అందులో తలుపు తెరిచినా చలి అంతగా బయటకు పోదు. కాని అడుగున ఉన్న నమూనాను వెతికి తీయడం కష్టం.

తలుపు మూసిన వెంటనే మళ్ళీ తెరవబోతే అది రాకపోవచ్చు. లోపలికి చొరబడిన గది గాలి చల్లబడి కుంచించుకుపోవడంతో లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి తలుపును నొక్కి పట్టుకుంటుంది. దీనిని సరిచేయడానికి గోడలో ఒక చిన్న రంధ్రం ఉంచుతారు. ఈ రంధ్రం మంచుతో పూడుకుపోతే తలుపు చాలాసేపు కదలదు. బలవంతంగా లాగితే పిడి విరుగుతుంది, రబ్బరు అంచు చిరుగుతుంది.

స్థాపన

అతిశీతల ఫ్రీజరు లోపలి నుండి తోడిన వేడినంతా గదిలోకే వదులుతుంది. రోజుకు 20 యూనిట్ల విద్యుత్తు వాడే పాత ఫ్రీజరు సగటున 830 వాట్ల హీటరు ఎడతెగకుండా వెలుగుతున్నట్లే గదిని వేడి చేస్తుంది. కనుక గదికి గాలి ప్రసరణ, వేడి ప్రాంతాలలో ఎయిర్ కండిషనరు అవసరం. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటకుండా చూడటం మేలు. గోడకు, ఫ్రీజరుకు మధ్య కనీసం ఒక జానెడు ఖాళీ వదలాలి.

రవాణాలో ఫ్రీజరును పక్కకు వంచితే కంప్రెసరులోని నూనె గొట్టాలలోకి పోతుంది. అందువలన దానిని నిలబెట్టి, తయారీదారు సూచించినంతసేపు, సాధారణంగా ఒక రోజు, ఆగిన తరువాతనే కరెంటు ఇవ్వాలి. ప్రతి ఫ్రీజరుకు విడి ప్లగ్గు, విడి ఎమ్.సి.బి. ఉండాలి. వోల్టేజి హెచ్చుతగ్గులున్న చోట తగిన సామర్థ్యం గల స్టెబిలైజరు పెట్టాలి. ఖాళీ ఫ్రీజరు −80కి దిగడానికి చాలా గంటలు పడుతుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద ఒకటి రెండు రోజులు నిలకడగా ఉన్నదని తేలిన తరువాతనే విలువైన నమూనాలు పెట్టాలి.

రోజువారీ వాడకం

అతిశీతల ఫ్రీజరు గడ్డకట్టిన వస్తువును అలాగే ఉంచడానికి తయారైనది. వెచ్చని వస్తువులను పెద్ద మొత్తంలో గడ్డకట్టించడం దాని పని కాదు. ఒకేసారి చాలా వెచ్చని సీసాలు పెడితే పక్కనున్న పాత నమూనాల ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. అందుచేత కొత్త నమూనాలను ముందుగా పొడి మంచులో గాని, మరొక ఫ్రీజరులో గాని చల్లబరచి, కొద్దికొద్దిగా చేర్చాలి. పొడి మంచు అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు. ఇది −78.5 డిగ్రీల వద్ద కరగకుండా నేరుగా ఆవిరవుతుంది.

తలుపు ఎంత తక్కువసేపు తెరిస్తే అంత మంచిది. ప్రతిసారీ గదిలోని తేమ లోపలికి పోయి మంచుగా పేరుకుంటుంది. సముద్రతీర ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఈ బెడద కూడా ఎక్కువ. దీనికి విరుగుడు మంచి పట్టిక. ఏ నమూనా ఏ అరలో, ఏ పెట్టెలో, ఎన్నో గడిలో ఉన్నదో కాగితం మీద గాని కంప్యూటరులో గాని రాసి ఉంటే, తలుపు తెరవకముందే వెతకడం పూర్తవుతుంది. సీసాల మీద మామూలు సిరాతో రాసిన పేర్లు చెరిగిపోతాయి, మామూలు జిగురు కాగితాలు ఊడిపోతాయి. అతిశీతలానికి తట్టుకునే లేబుళ్ళే వాడాలి. పేరు తెలియని నమూనా చెడిపోయిన నమూనాతో సమానం.

నమూనాను పదేపదే కరిగించి గడ్డకట్టించరాదు. ఒకేసారి వాడదగినంత చిన్న భాగాలుగా విడదీసి దాచితే, అవసరమైన భాగాన్ని మాత్రమే తీసి కరిగించుకోవచ్చు. బాక్టీరియాను దాచేటప్పుడు మంచు స్ఫటికాల తాకిడి తగ్గించడానికి 15 నుండి 25 శాతం గ్లిసరాల్ కలుపుతారు.

నిర్వహణ

* ప్రతిరోజూ ఉష్ణోగ్రతను చూసి, తేదీ, సమయంతో పుస్తకంలో రాయాలి. సెలవు దినాలలో ఈ పని ఎవరిదో ముందే నిర్ణయించాలి.
* కండెన్సరు ముందున్న వడపోత జల్లెడను నెలకొకసారి పరిశీలించి, దుమ్ము ఉంటే కడిగి ఆరబెట్టాలి. దుమ్ము పట్టిన జల్లెడ వలన గాలి ఆడక, కంప్రెసరు విరామం లేకుండా నడిచి త్వరగా పాడవుతుంది.
* తలుపు రబ్బరు అంచు మీద పేరుకున్న మంచును మెత్తని గుడ్డతో తుడవాలి. అంచు సరిగా అతుక్కోని చోట కాగితపు ముక్కను ఉంచి తలుపు మూసి లాగితే అది సులభంగా జారివస్తుంది.
* లోపలి మంచును చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో గీకి తీయాలి. కత్తి, స్క్రూడ్రైవరు వంటివి వాడితే గొట్టం చిల్లుపడి వాయువు కారిపోవచ్చు.
* మంచు దట్టమైనప్పుడు నమూనాలను వేరొక ఫ్రీజరుకు మార్చి, యంత్రాన్ని పూర్తిగా ఆపి మంచు కరగనివ్వాలి. నీరు తుడిచి, ఆరిన తరువాతనే తిరిగి ప్రారంభించాలి.
* అలారానికి విడిగా బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు మోగవలసినది అదే కనుక దానిని క్రమం తప్పకుండా పరీక్షించి, కాలం తీరగానే మార్చాలి.
* ఫ్రీజరు సొంత ఉష్ణమాపకంతో నిమిత్తం లేకుండా మరొక ఉష్ణమాపకం లోపల ఉంచాలి. పై అరకు, కింది అరకు కొన్ని డిగ్రీల తేడా ఉండవచ్చు.

కంప్రెసరు ఆగకుండా నడవడం, ఉష్ణోగ్రత రోజుకొక డిగ్రీ చొప్పున పైకి జరగడం, శబ్దం మారడం రాబోయే వైఫల్యానికి తొలి సూచనలు. పాడైన తరువాత మరమ్మతు కన్నా ఈ దశలో మెకానిక్కును పిలవడం చౌక.

విద్యుత్ అంతరాయం

కరెంటు పోయినప్పుడు పాటించవలసిన మొదటి నియమం తలుపు తెరవకపోవడం. మూసి ఉంచిన, నిండుగా ఉన్న ఫ్రీజరు చాలా గంటలపాటు చలిని నిలుపుకుంటుంది. ఖాళీ ఫ్రీజరు త్వరగా వేడెక్కుతుంది. అందుకే ఖాళీ అరలలో గడ్డకట్టించిన నీటి డబ్బాలు నింపడం మంచి పద్ధతి. కరెంటు పోయిన సమయం, అప్పటి ఉష్ణోగ్రత వెంటనే రాసుకోవాలి.

అంతరాయం కొనసాగేటట్లయితే పై అరలో పొడి మంచు ఉంచాలి. చల్లని ఆవిరి బరువుగా ఉండి కిందికి దిగుతుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు అన్ని ఫ్రీజరులు ఒక్కసారిగా ప్రారంభమైతే ఎమ్.సి.బి. పడిపోవచ్చు కనుక కొన్ని నిమిషాల ఎడంతో ఒక్కొక్కటే వేయాలి. ముఖ్యమైన సేకరణలు ఉన్న చోట జనరేటరు తప్పనిసరి. దానిని అప్పుడప్పుడు భారంతో నడిపి చూడాలి, ఇంధనం నిల్వ ఉంచాలి. ఒకే సేకరణను రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు భవనాలలో ఉంచడం అన్నిటికన్నా మేలైన రక్షణ.

శ్రీకాకుళం జిల్లా పరిస్థితి

ఉత్తరాంధ్ర తీరం అక్టోబరు నెల తుపానులకు పేరుపడినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిషాలోని గోపాలపూర్ వద్ద, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగపు గాలులతో పలాస సమీపంలో తీరం దాటింది. వేలాది విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి. అనేక గ్రామాలకు రోజుల తరబడి కరెంటు అందలేదు. ఏ ఫ్రీజరూ తన గోడల బలంతో అన్నాళ్ళు చలిని ఆపలేదు. తుపాను హెచ్చరిక సాధారణంగా రెండు మూడు రోజుల ముందే వస్తుంది. జనరేటరుకు డీజిలు, పొడి మంచు సమకూర్చుకోవలసినది ఆ వ్యవధిలోనే. గాలి మొదలైన తరువాత దారులు మూసుకుపోతాయి.

జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా ఉన్నది. దాని మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనది. కారణం తెలియని వ్యాధుల పరిశోధనలో రోగుల, ఆరోగ్యవంతుల రక్త మూత్ర నమూనాలను −80 డిగ్రీల వద్ద ఏళ్ళ తరబడి దాచడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. నేటి పరీక్షకు దొరకని కారణం పదేళ్ళ తరువాత వచ్చే పరీక్షకు దొరకవచ్చు. ఆనాటికి రోగి జీవించి ఉండకపోవచ్చు, అతడి నమూనా మాత్రం ఉండాలి. అటువంటి నమూనా ఒకసారి కరిగిపోతే దానిని మళ్ళీ సేకరించే వీలు లేదు.

ఒడిషా సరిహద్దున పర్లాకిమిడికి ఆనుకొని ఉన్న పాతపట్నం ఈ జిల్లాలోని మండల కేంద్రం. 2020 ఏప్రిల్ చివరి వారంలో జిల్లాలో తొలి కోవిడ్-19 కేసులు ఈ మండలంలోనే నమోదయ్యాయి. ముక్కు, గొంతు నుండి తీసిన కోవిడ్ నమూనాను 2 నుండి 8 డిగ్రీల మధ్య 72 గంటల వరకు ఉంచవచ్చునని, అంతకన్నా ఆలస్యమయ్యేటట్లయితే −70 లేదా అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రత అవసరమని నాటి మార్గదర్శకాలు పేర్కొన్నాయి. చిన్న పట్టణానికి దీని అర్థం ఒకటే: అతిశీతల ఫ్రీజరు దగ్గరలో లేకపోతే ఐసు పెట్టెలోని నమూనా గడువులోపు ప్రయోగశాలకు చేరాలి.

టీకాల విషయంలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. 2020 డిసెంబరులో పలు దేశాలలో అనుమతి పొందిన ఫైజర్-బయోన్‌టెక్ టీకాను మొదట్లో −60 నుండి −90 డిగ్రీల మధ్య నిల్వ చేయవలసి వచ్చింది. భారతదేశంలో 2021 జనవరి 16న మొదలైన టీకా కార్యక్రమంలో వాడిన కోవిషీల్డుకు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌కు 2 నుండి 8 డిగ్రీలు సరిపోయాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఇతర టీకాల కోసం అప్పటికే ఉన్న ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరులలోనే వీటినీ ఉంచగలిగారు. ఈ రిఫ్రిజిరేటరు గోడల లోపల మంచు పొర ఉండి, కరెంటు పోయినా చాలాసేపు చలిని నిలుపుతుంది.

నమోదైన వైఫల్యాలు

2012లో అమెరికాలోని బోస్టన్ సమీపాన మెక్లీన్ ఆసుపత్రిలోని మెదడు బ్యాంకులో ఒక ఫ్రీజరు ఆగిపోయి, దాదాపు 150 మెదడు నమూనాలు కరిగిపోయాయి. వాటిలో మూడవ వంతుకు పైగా ఆటిజం పరిశోధనకు ఉద్దేశించినవి. బయటి సూచిక −79 డిగ్రీలు చూపుతూనే ఉన్నది, అలారం మోగలేదు. 2020లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. −80 ఫ్రీజరు అలారం పదేపదే మోగడంతో, శుభ్రపరిచే సిబ్బందిలో ఒకరు సాయం చేస్తున్నాననుకొని విద్యుత్ మీటను ఆపివేశారు. ఏళ్ళ పరిశోధన నష్టమైనదని విశ్వవిద్యాలయం తరువాత కోర్టుకు వెళ్ళింది.

మొదటి సంఘటన ఒకే ఉష్ణమాపకాన్ని నమ్మరాదని తెలుపుతుంది. అలారం మోగితే ఎవరికి ఫోను చేయాలో, ఏమి చేయకూడదో గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే భాషలో ఫ్రీజరు మీద రాసి ఉంచాలని రెండవది తెలుపుతుంది.

భద్రత

−80 డిగ్రీల లోహాన్ని వట్టి చేతులతో తాకితే చర్మం అతుక్కుపోయి కాలిన గాయం వంటిది ఏర్పడుతుంది. తగిన చేతితొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి. పొడి మంచు ఆవిరైనప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడు మూసిన గదిలో ఊపిరాడకుండా చేస్తుంది. దానిని గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే డబ్బా పేలిపోతుంది. ప్రొపేన్, ఈథేన్ మండే వాయువులు కనుక గొట్టాల మరమ్మతు శిక్షణ పొందినవారే చేయాలి.

విద్యుత్ పొదుపు

పాత ఫ్రీజరులు రోజుకు 20 యూనిట్ల వరకు వాడగా, కొత్తవాటిలో కొన్ని 7 నుండి 10 యూనిట్లతో నడుస్తాయి. ఉష్ణోగ్రతను −80 నుండి −70కి మార్చితే వినియోగం సుమారు 30 శాతం వరకు తగ్గుతుంది, కంప్రెసరు మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. చాలా రకాల నమూనాలకు −70 సరిపోతుందని గుర్తించి అనేక ప్రయోగశాలలు ఈ మార్పు చేసుకున్నాయి. అయితే −70 వద్ద నడిపే ఫ్రీజరు ఆగిపోతే ప్రమాదస్థాయికి కొంత త్వరగా చేరుతుంది. కరెంటు తరచుగా పోయే చోట ఈ మార్పు చేసేముందు జనరేటరు, అలారం సరిగా ఉన్నవో లేదో చూసుకోవాలి. ఇక ఎవరికీ అక్కరలేని పాత నమూనాలను ఏటేటా ఏరి తీసివేయడం ఖర్చులేని పొదుపు. రెండు ఫ్రీజరులలో సగం సగం ఉన్నవి ఒకదానిలో ఇమిడితే, రెండవది అత్యవసర సమయానికి ఖాళీగా మిగులుతుంది.